రిచీ స్ట్రీట్ ఉత్తరాలు: పూచీ ఎవరిది?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకటే పాట. "టీవీ బాగానే ఉందండీ, కానీ..." ఆ 'కానీ' తర్వాత రాసింది చదివితే నవ్వూ వస్తుంది, ఏడుపూ వస్తుంది. చెన్నైలో ఎలక్ట్రానిక్స్ బజారు రిచీ స్ట్రీట్‌లో నేను టీవీలు బాగుచెయ్యడానికి టంకం పట్టుకున్నది 1983లో. అప్పట్లో టీవీ బాగుంటే బాగున్నట్టు, చెడితే చెడినట్టు. బాగుండి కూడా పనిచెయ్యని టీవీలను ఇప్పుడే చూస్తున్నాను. సరే, ఉత్తరాల్లోకి వెళ్దాం.

ప్ర: ఓటీటీలో సినిమా పెడితే మాటలు వినబడవు. సౌండు పెంచితే ఫైటు రాగానే ఇల్లు అదిరిపోతుంది. మొన్న పక్క ఫ్లాట్ వాళ్లు తలుపు కొట్టారు. మొదట మా అత్తగారికి చెముడేమో అనుకున్నాం, తర్వాత చూస్తే నాకూ అంతే. పన్నెండు వేలు పెట్టి సౌండ్‌బార్ కొనమంటారా? (ఒక పాఠకురాలు, పెరంబూరు)

జ: మీ అత్తగారి చెవులు భేషుగ్గా ఉన్నాయమ్మా. ముందు ఆవిడకి ఆ సంగతి చెప్పండి. తేడా రెండు చోట్ల ఉంది. ఒకటి టీవీలో. పాత డబ్బా టీవీకి స్పీకరు మన మొహం వైపు ఉండేది. ఇప్పటి టీవీ అప్పడంలా పల్చన. స్పీకరు కింది అంచులో దూరి నేలతో మాట్లాడుతుంది, మనతో కాదు. రెండోది సినిమాలోనే. థియేటరు కోసం శబ్దాన్ని ఆరు దారుల్లో కలుపుతారు, 5.1 అని రాసేది దాన్నే. మాటలు దాదాపు అన్నీ నడిమి స్పీకరుకి వెళ్తాయి. మీ టీవీకి ఉన్నవి రెండే కదా, నడిమి దారిని ఆ రెండింటికీ పంచి, చుట్టుపక్కల ఢాంఢాంలు కూడా వాటి నెత్తినే పోస్తుంది. మాట మునిగిపోతుంది.

డబ్బు తీసే ముందు రెండు పనులు చెయ్యండి. యాప్‌లో ఆడియో ఎంచుకునేచోట 'తెలుగు', 'తెలుగు 5.1' అని రెండు కనిపిస్తే మామూలు తెలుగే నొక్కండి. తర్వాత టీవీ సౌండ్ సెట్టింగుల్లో నైట్ మోడ్ అనో, ఆటో వాల్యూమ్ అనో, క్లియర్ వాయిస్ అనో ఒకటుంటుంది. కంపెనీకో పేరు. అది పెడితే గుసగుస పైకొస్తుంది, ఫైటు కిందికి దిగుతుంది. మూడొంతుల ఇళ్లలో దీంతోనే పనైపోతుంది.

అప్పటికీ కుదరకపోతే కొనండి, కానీ పెట్టె మీద 2.1 అని ఉన్నది కాదు, 3.1 అని ఉన్నది. ఆ మూడో స్పీకరే మాటలది. తెచ్చాక వైరు టీవీ వెనకాల 'ఏఆర్‌సీ' అని రాసిన హెచ్‌డీఎంఐ సాకెట్‌లోనే పెట్టండి. "సౌండ్‌బారు చచ్చిపోయింది సార్" అని ఆటోలో వేసుకుని నా దగ్గరికొచ్చిన వాళ్లలో చాలామంది పక్క సాకెట్‌లో పెట్టినవాళ్లే. వాళ్ల దగ్గర కూలి అడగడానికి నాకే మొహమాటం.

ప్ర: టీవీ స్విచ్ వెయ్యగానే లోపల ఠప్‌మంది. కాలిన మాంసం వాసన. ఏమై ఉంటుంది? (తిరువొత్తియూరు)

జ: బల్లి. స్టాండ్‌బైలో ఉన్న టీవీ వెనక వెచ్చగా ఉంటుంది, చీకటిగా ఉంటుంది, దానికి అంతకంటే ఏం కావాలి? పవర్ బోర్డులో ఒక వైపు మూడొందల వోల్టులకు పైగా నిలబడి ఉంటుంది. దాని మీద ముందుకాళ్లు ఒకచోట, వెనకకాళ్లు ఇంకోచోట పెడుతుంది, అంతే. పోయిన వానాకాలం ఒక బోర్డు విప్పితే తోక ఫ్యూజు దగ్గర, తల ట్రాన్స్‌ఫార్మర్ కింద. మా కుర్రాడు ఆ పూట టిఫిన్ తినలేదు.

మళ్లీ స్విచ్ వేసి చూడకండి. మీరే మూత విప్పకండి కూడా, ప్లగ్ పీకినా పెద్ద కెపాసిటర్‌లో కరెంటు కాసేపు నిలిచే ఉంటుంది. ఫ్యూజు ఒక్కటి మార్చి పంపేసేవాడికి ఇవ్వకండి. మీది సముద్రం పక్కపేట, ఉప్పుగాలికి కనెక్టర్ల కాళ్లు పచ్చగా చిలుము పట్టి ఉంటాయి, అవీ తుడిపించండి. ఇకనుంచి రాత్రిపూట గోడ స్విచ్ ఆపెయ్యండి. వెచ్చదనం లేకపోతే బల్లికీ ఆసక్తి ఉండదు.

ప్ర: 2020లో 41 వేలు పెట్టి పేరున్న కంపెనీ టీవీ కొన్నాను. మూడు నెలల కిందట ఒక రాత్రి దానంతట అదే అప్‌డేట్ అయింది. అప్పట్నుంచి హోమ్ తెరవడానికే నిమిషం పడుతోంది. తెరలో సగం యాడ్లు. నేను రోజూ చూసే యాప్ ఒకటి 'ఈ పరికరంలో పనిచేయదు' అంటోంది. కంపెనీకి ఫోన్ చేస్తే, "వారంటీ అయిపోయింది, ప్యానెల్‌కి ప్రాబ్లం లేదు కదా సార్" అంటున్నారు. నేను ఏ మీటా నొక్కలేదు. మరి చెడగొట్టింది ఎవరు? (రిటైర్డ్ హెడ్మాస్టరు, వలసరవాక్కం)

జ: మాస్టారూ, ఈ ఒక్క ప్రశ్నకి ఈ నెల పేజీ మొత్తం ఇచ్చెయ్యాలనిపించింది.

నా షాపులో ఒక చీటీల పుస్తకం ఉంది. రిపేరు చేసిన ప్రతి బోర్డుకీ తేదీ, ఏం విప్పానో, ఏం మార్చానో రాసి, తొంభై రోజుల పూచీ అని సంతకం పెట్టి ఇస్తాను. అదే జబ్బుతో తొంభై రోజుల్లో తిరిగొస్తే పైసా తీసుకోను. ఇప్పుడు చూడండి. మీరు ఊళ్లో లేనప్పుడు నేను మీ ఇంటి తాళం తీసి, బాగున్న టీవీ విప్పి, నాకు తోచిన పార్టు మార్చి, గోడకి నాలుగు వాల్‌పోస్టర్లు అంటించి వచ్చేస్తే నన్నేం చేస్తారు? స్టేషన్‌కి ఈడుస్తారు. ఆ కంపెనీ చేసింది అచ్చంగా అదే. కాకపోతే తాళంచెవి మీరే ఇచ్చారు. టీవీ కొన్న మొదటిరోజు 'ఐ అగ్రీ' అని నొక్కించారు చూడండి, అదీ తాళంచెవి.

నేనూ ఇచ్చినవాణ్ణే. పోయినేడు మా ఇంటికి కొత్త టీవీ వచ్చినప్పుడు, షరతులన్నీ చదివే ఒప్పుకోవాలని పంతం పట్టాను. రిమోట్ బాణం నొక్కుతూ కిందికి, ఇంకా కిందికి. మా ఆవిడ అన్నం చల్లారిపోతోందని మూడుసార్లు పిలిచింది. తిని వచ్చేసరికి తెర నిద్రపోయి, లేపితే మళ్లీ మొదటి పేజీ. నొక్కేశాను. చదివినంతలో నాకు గుర్తుండిపోయింది ఒకటే: సాఫ్ట్‌వేరును 'ఉన్నది ఉన్నట్టుగా' ఇస్తున్నాం అని. మా వీధిలో ఉన్నదున్నట్టు అనే మాట పాత సామాను గుట్టలు పోసి అమ్మేవాడి నోట వింటాం. కిలో ఇంత, చెడితే నన్నడగొద్దు అని. వాడు 41 వేలు అడగడు.

మన టీవీలకే కాదు, పెద్దవాళ్లకీ ఇదే గతి. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే కంప్యూటర్ల కాపలా కంపెనీ ఒక తప్పుడు అప్‌డేట్ వదిలితే ప్రపంచంలో 85 లక్షల విండోస్ కంప్యూటర్లు పడిపోయాయి. మన ఎయిర్‌పోర్టుల్లో బోర్డింగ్ పాసులు పెన్నుతో రాసిచ్చారు, గుర్తుందా? అమెరికాలో డెల్టా విమాన సంస్థ 50 కోట్ల డాలర్ల నష్టమని కోర్టుకెక్కింది. ఒప్పందంలో మా బాధ్యతకి హద్దు రాసుకున్నాం కదా అన్నది ఆ కంపెనీ వాదన. విమానాలు నడిపేవాళ్లకే ఆ జవాబైతే, మీ హోమ్ తెర నిమిషం ఆలస్యమైందంటే ఎవరు పలుకుతారు?

తిట్టడం అయింది, ఒక న్యాయం కూడా చెప్పాలి. అప్‌డేట్లు అసలే వద్దనడానికి లేదు. దొంగలు దూరే కంతలు పూడ్చేవి కూడా అవే. యాప్ ఆగిపోవడం చాలాసార్లు టీవీ కంపెనీ పని కాదు, యాప్ వాళ్లు పాతవాటిని వదిలేస్తారు. ఇంకా, ఆ రోజుల్లో అమ్మిన చాలా టీవీల్లో మెమరీ ఒకటి, ఒకటిన్నర జీబీ ఉండేది. చంటిపిల్ల చెప్పులో పెద్దాడి కాలు దూర్చినట్టు కొత్త సాఫ్ట్‌వేరు దాంట్లో దూర్చారు. అయితే దూర్చింది మీరు కాదు కదా. నేను పట్టుకునేది అక్కడే.

చట్టం మాటకొస్తే, మా మేనల్లుడు హైకోర్టులో ప్లీడరు, వాణ్ణి కూర్చోబెట్టి అడిగాను. మన వినియోగదారుల రక్షణ చట్టం 2019ది, 2020 జూలైలో అమల్లోకి వచ్చింది. వస్తువు వల్ల హాని జరిగితే చేసినవాడిదే పూచీ అని అందులో ఒక అధ్యాయమే ఉంది. కానీ వస్తువు అంటే వాయువు, ద్రవం, ఘనం ఏ రూపంలోనైనా ఉండొచ్చు అని నిర్వచనం రాశారు. "రాత్రి వైఫైలో దిగిన అప్‌డేట్ ఈ మూడింట్లో ఏదిరా?" అన్నాను. వాడు నవ్వి, "వాదించుకోవాలి మామయ్యా" అన్నాడు. ఐరోపా వాళ్లు ఆ వాదన లేకుండా చేసుకున్నారు. 2024లో తెచ్చిన చట్టంలో సాఫ్ట్‌వేరు కూడా వస్తువేనని తేల్చి రాశారు, సభ్యదేశాలు 2026 డిసెంబరు 9లోగా తమ చట్టాల్లో దించుకోవాలి. మనకి ఎప్పుడో.

అలాగని ఊరుకోకండి. 1915కి ఫోన్ చెయ్యండి, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైను. దానికి ముందు ఫోన్‌తో వీడియో తీసుకోండి: గోడ గడియారం కనబడేలా పెట్టి టీవీ ఆన్ చెయ్యండి, హోమ్ వచ్చేదాకా ఆపకండి. బిల్లు ఉంచుకోండి. కంపెనీతో ఫోన్‌లో కాదు, మెయిల్‌లో మాట్లాడండి. అక్కడా తేలకపోతే జిల్లా కమిషన్. మీరు ఉండే ఊళ్లోనే వెయ్యొచ్చు, నష్టం జరిగిన రెండేళ్లలోపు వెయ్యాలి, ఐదు లక్షల లోపు వస్తువుకి ఫీజు లేదు, లాయరు లేకుండా మీరే మాట్లాడొచ్చు. గెలుస్తారని నేను చీటీ రాసివ్వలేను. ముప్పై ఏళ్లు పిల్లల సాకులు విన్న హెడ్మాస్టరు అడుగుతుంటే అవతలివాడు ఎలా నీళ్లు నములుతాడో చూడాలని మాత్రం ఉంది.

ఈలోగా టీవీ చూడాలి కదా. వాడని యాప్‌లు తీసెయ్యండి, ఫ్యాక్టరీ రీసెట్ చెయ్యండి. తర్వాత టీవీకి వైఫై పాస్‌వర్డు ఇవ్వకండి. మూడు నాలుగు వేలలో దొరికే, యాప్‌లు ఆడించే స్టిక్ ఒకటి హెచ్‌డీఎంఐలో గుచ్చి, దానికే నెట్ ఇవ్వండి. చెడినా పోయేది ఆ నాలుగు వేలే, మీ మంచి ప్యానెల్ పదిలం. బాక్సు తగిలించుకోవడం మద్రాసు వాళ్లకి కొత్తా? 2003 సెప్టెంబరులో పే ఛానెళ్లకి సెట్‌టాప్ బాక్సు తప్పనిసరి అంటే మిగతా మహానగరాలు తప్పించుకున్నాయి, తగిలించుకున్నది మనమే.

ప్ర: భోజనాల దగ్గర కుక్కరు కొనాలి అనుకున్నాం, సాయంత్రానికి టీవీలో కుక్కరు యాడ్. టీవీ మా మాటలు వింటోందా? మా వారు నవ్వుతున్నారు. (గృహిణి, మడిపాక్కం)

జ: మీ వారిని నవ్వనివ్వండి, కానీ ముందు ఆయన ఫోన్‌లో కుక్కర్లు వెతికారేమో అడగండి. ఒకే వైఫైలో ఉన్నవాళ్లని యాడ్ల వాళ్లు ఒకే ఇల్లుగా లెక్కేస్తారు. నాకు తెలిసి మామూలు రిమోట్‌లో మైకు, బొత్తాం నొక్కినప్పుడే పనిచేస్తుంది.

టీవీ వినడం కంటే చూడటం గురించి భయపడండమ్మా. తెర మీద ఆడేది ఏమిటో టీవీయే గుర్తుపట్టి కంపెనీకి చేరవేసే ఏర్పాటు చాలా స్మార్ట్ టీవీల్లో ఉంది. కేబుల్లో చూసినా, పెన్‌డ్రైవ్‌లో చూసినా సరే. అమెరికాలో విజియో అనే కంపెనీ అడక్కుండా కోటీ పది లక్షల టీవీల నుంచి ఇలా పోగేసిందని అక్కడి ప్రభుత్వం కేసు పెడితే, 2017లో 22 లక్షల డాలర్లు కట్టి ఒప్పందం చేసుకుంది. లెక్క కట్టండి, టీవీకి పావు డాలరు కూడా పడలేదు. ప్రైవసీ సెట్టింగుల్లో 'వ్యూయింగ్ డేటా' లాంటి మాట ఎక్కడుందో వెతికి ఆపెయ్యండి. ఎక్కడో మూడో నాలుగో గదిలో దాచి ఉంచుతారు, ఓపిక పట్టండి.

ప్ర: కొత్త టీవీలో పాత సినిమా పెడితే సీరియల్ షూటింగులా కనబడుతోందేం? (టి.నగర్)

జ: సినిమాకి సెకనుకి 24 బొమ్మలు. మీ టీవీకి అవి చాలక మధ్యలో లేని బొమ్మల్ని తనే గీసుకుంటోంది. పిక్చర్ సెట్టింగుల్లో 'మోషన్' అన్న మాట ఉన్నదాన్ని ఆపండి. చెపాక్‌లో మ్యాచ్ ఉన్నరోజు కావాలంటే పెట్టుకోండి.

ప్ర: దీపావళి సేల్‌లో టీవీ కొంటున్నాం. ఏ కంపెనీది కొనమంటారు? (అంబత్తూరు)

జ: పేరు చెప్పను, చెప్తే వచ్చే నెల ఉత్తరాలన్నీ నా మీదే. షోరూంలో ఒక్క మాట అడగండి: "దీనికి ఎన్నేళ్లు అప్‌డేట్లు ఇస్తారు? బిల్లు మీద రాయండి." సేల్స్ కుర్రాడు మేనేజరు వైపు చూస్తాడు, మేనేజరు పైకప్పు వైపు చూస్తాడు. బ్రిటన్‌లో 2024 ఏప్రిల్ 29 నుంచి నెట్‌కి తగిలించే వస్తువు అమ్మితే కనీసం ఎప్పటిదాకా సెక్యూరిటీ అప్‌డేట్లు ఇస్తారో ముందే చెప్పి తీరాలి. ఫోన్ల వాళ్లు కొందరు ఇప్పటికే ఏడేళ్లు అంటున్నారు. టీవీ ఫోన్‌కంటే ఎక్కువకాలం ఉండే వస్తువు కదా, అదే అడగండి.

ప్ర: మీ శీర్షికని అమ్మ ఫొటోలు తీసి నాకు పంపుతుంది. ప్రతి నెలా సాఫ్ట్‌వేర్ వాళ్లని ఉతికి ఆరేస్తున్నారు. టీవీలకి సాఫ్ట్‌వేరు రాసే టీమ్‌లోనే నేనున్నాను. యాడ్లు పెట్టమన్నది మేం కాదు. పాత మోడళ్ల మీద టెస్ట్ చేస్తామంటే టైమివ్వరు. తప్పంతా రాసినవాడి మీద వెయ్యడం న్యాయమా అంకుల్? (మారతహళ్లి, బెంగళూరు)

జ: న్యాయం కాదు బాబూ. పేరు రాయకుండా మంచిపని చేశావు, ఉద్యోగం జాగ్రత్త.

నాకు పని నేర్పిన గురువుగారి సంగతి ఒకటి చెప్తాను. నేను చేరిన నాలుగో ఏడు, రాయపురంలో ఒకాయన డబ్బా టీవీ బాగుచేసి పంపాం. వారంలో మళ్లీ బొమ్మ ఒక గీతయిపోయింది. విప్పితే డ్రై సోల్డర్. టంకం అంటినట్టే కనబడుతుంది, అంటదు. పెట్టింది నేను, రాత్రి తొమ్మిదింటికి, తొందరలో. తొందర పెట్టింది గురువుగారే. డబ్బు తీసుకున్నదీ ఆయనే. అయినా ఆ టీవీని నా చేత మోయించి, తనూ పక్కన నడిచి, రాయపురం దాకా వచ్చి ఆ ఇంటాయనతో "తొందర నాది, చెయ్యి వీడిది" అన్నాడు. ఇద్దరికీ కాఫీ ఇచ్చారు. నాకు మాత్రం గొంతు దిగలేదు.

నీకు లేనిది ఆ పక్కన నడిచే మనిషి. మీ పైవాళ్లు తొందర పెడతారు, తర్వాత కనిపించరు, తిట్లు నీకు. కాబట్టి ఒక పని చెయ్యి. ఉబ్బిన కెపాసిటర్ మార్చాలి అంటే, డబ్బు దండగ, వద్దు అనే కస్టమర్లు నాకూ ఉంటారు. చీటీ మీద "మార్చమని చెప్పాను, వద్దన్నారు" అని రాసి వాళ్ల సంతకం తీసుకుంటాను. నువ్వూ 'పాత మోడళ్ల మీద చూడలేదు' అని అప్‌డేట్ వదిలే ముందు ఒక మెయిల్ పెట్టు. చదవకపోనీ, రాత ఉంటుంది. చిత్రమేమిటంటే, సంతకం పెట్టమనేసరికి సగంమంది కస్టమర్లు "సరే, మార్చెయ్యండి" అంటారు.

ఇంకోటి. నీ బల్ల మీద అయిదారేళ్ల నాటి టీవీ ఒకటి పెట్టుకో. మీ ఊరి ఎలక్ట్రానిక్స్ బజారు ఎస్పీ రోడ్‌లో అడిగితే దొరక్కపోదు. లేదంటే కస్టమర్లు వదిలేసి పోయినవి నా దగ్గర మూడున్నాయి, అమ్మతో చెప్పి పంపించుకో, డబ్బు వద్దు. వలసరవాక్కం మాస్టారిది కూడా అలాంటి మోడలే.

ప్ర: టీవీలో మాట వస్తోంది, బొమ్మ లేదు. ప్యానెల్ పోయింది, కొత్తది కొనుక్కో అన్నాడు మెకానిక్. ఆటో తోలేవాణ్ణి సార్, ఇప్పుడు కొత్తదంటే కష్టం. (వ్యాసర్పాడి)

జ: తొందరపడకు తమ్ముడూ. రాత్రి లైట్లన్నీ ఆర్పి, టీవీ ఆన్ చేసి, ఫోన్ టార్చి తెరకి దగ్గరగా, కాస్త ఏటవాలుగా పట్టి చూడు. వెలుగు పడినచోట లీలగా మనుషులు కదులుతున్నారా? అయితే ప్యానెల్ బతికే ఉంది. పోయింది దాని వెనకాల వెలిగే ఎల్‌ఈడీ పట్టీలు. చిన్న బల్బుల వరసలో ఒకటి పోతే మొత్తం ఆరిపోతుంది, పాత సీరియల్ లైట్ల లాగా. పట్టీలన్నీ మార్చినా కొత్త టీవీ ధరలో చిన్న ముక్కే అవుతుంది. ఒక్క పట్టీ మార్చి సరిపెడతానంటే ఒప్పుకోకు, మిగతావీ అదే వయసువి. బాగయ్యాక బ్యాక్‌లైట్ వందలో ఉంటే అరవైకి తగ్గించు, షోరూం కోసం పెట్టిన వెలుగు అది, మీ గదికి అక్కర్లేదు.

టార్చికి కూడా ఏమీ కనబడకపోతే మళ్లీ రాయి. ఎవరి దగ్గర చేయించినా సరే, తేదీ వేసి చీటీ అడిగి తీసుకో. తొంభై రోజులు.